బాయిలర్‌ను ఎక్కడికి మార్చాలి? అటక, గ్యారేజీ, వంటగది, లోపలి అర: ఏది ఎవరికి నప్పుతుంది

వంటగదిని కొత్తగా చేయించుకుందామని గోడలు కొలుస్తున్నప్పుడో, పిల్లలకు ఇంకో గది తీద్దామని కాగితం మీద గీతలు గీస్తున్నప్పుడో చాలామందికి ఒకే అడ్డంకి ఎదురవుతుంది. ఇల్లంతా వెచ్చబరిచే బాయిలర్ సరిగ్గా అక్కడే గోడకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీయించేస్తే ఎంత చోటు కలిసివస్తుందో అనిపిస్తుంది. వెంటనే మనసులో మెదిలే ప్రశ్న, ఎక్కడ పెడితే కంటికి కనిపించకుండా ఉంటుంది అని.

నేనూ అలాగే ఆలోచించాను. కనిపించని చోటే దొరికింది, గ్యారేజీ వెనక గోడ. మొదటి చలికాలంలోనే ఒక తెల్లవారుజామున ఇల్లు చల్లబడిపోయింది. వెళ్లి చూస్తే బాయిలర్ లోపలి నుంచి గుడగుడమని చప్పుడు, ముందువైపు ఎర్ర దీపం. బయటి గోడ వెంట నాలుగు మీటర్లు సాగిన సన్నని ప్లాస్టిక్ గొట్టంలో, బాయిలర్ వదిలే నీరు గడ్డకట్టి, వెనకనుంచి వచ్చే నీటికి దారి లేకుండా చేసింది. చీకట్లో మగ్గుతో గోరువెచ్చని నీళ్లు పోస్తూ గొట్టం వెంట నడిచాను. చివరికి దాని నోటి నుంచి వేలెడంత మంచు కడ్డీ జారిపడింది. ఆ తరువాతే బాయిలర్ మళ్లీ అందుకుంది.

అందుకే ఎవరు అడిగినా ఒక మాట చెబుతాను. చోటు వెతకడానికి ముందు, బాయిలర్ నుంచి పొగ ఏ దారిన బయటకు పోతుందో, నీరు ఏ దారిన పోతుందో చూడండి. ఆ రెండు దారులూ కుదిరే గోడలు ఏ ఇంట్లోనైనా రెండో మూడో ఉంటాయి. అసలు ఎంపిక వాటి మధ్యే. ఇక్కడ చెప్పేవి ప్రధానంగా గోడకు తగిలించే గ్యాస్ కండెన్సింగ్ బాయిలర్లకు, అంటే పొగలోని ఆవిరి వేడిని కూడా వాడుకునేవాటికి వర్తిస్తాయి. చమురుతో నడిచేవాటి సంగతి అవసరమైన చోట విడిగా చెబుతాను.

## ముందుగా చూడవలసినవి

పొగ దారి. ఇప్పటి బాయిలర్లు మండడానికి కావలసిన గాలిని బయటినుంచే తీసుకుని, పొగను బయటకే వదులుతాయి. ఇందుకు గొట్టంలో గొట్టం ఉంటుంది. లోపలిది 60 మి.మీ., బయటిది 100 మి.మీ. అన్నది ఎక్కువగా కనిపించే కొలత. ఈ గొట్టం ఎంత దూరం పోవచ్చో ప్రతి మోడల్‌కూ తయారీదారు ఒక గరిష్ఠ పొడవు నిర్ణయిస్తాడు. ఆ పొడవులోంచి మలుపులను కూడా తీసివేయాలి. చాలా మోడళ్లలో 90 డిగ్రీల మలుపు ఒక్కొక్కటి సుమారు ఒక మీటరు గొట్టంతో సమానం, 45 డిగ్రీలది అర మీటరుతో సమానం. కాగితం మీద ఐదు మీటర్లుగా కనిపించే దారి మూడు మలుపులతో ఎనిమిది మీటర్లవుతుంది. గొట్టం చివర కిటికీలకు, తలుపులకు, పక్కింటి సరిహద్దుకు ఎంత దూరంలో ఉండాలో మీరున్న చోటి నిబంధనలు చెబుతాయి. ఇంకొక సంగతి: చలిరోజుల్లో ఈ గొట్టం నుంచి తెల్లటి ఆవిరి మేఘంలా వస్తుంది. ప్రమాదం లేకపోయినా పక్కవాళ్లు కూర్చునే చోటికి అది రోజూ వెళ్తుంటే మాట పట్టింపులు తప్పవు.

నీటి దారి. గదులను వెచ్చబరిచే రేడియేటర్ల నుంచి తిరిగివచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటే పొగలోని ఆవిరి బాయిలర్ లోపలే నీరుగా మారి, తనలోని వేడిని వదిలిపెడుతుంది. కండెన్సింగ్ బాయిలర్ పొదుపు రహస్యం ఇదే. ఆ నీరు, అంటే కండెన్సేట్, బయటకు పోవాలి కదా. అది కాస్త ఆమ్ల గుణం ఉన్న నీరు, పీహెచ్ 3 నుంచి 4 మధ్య ఉంటుంది. అందుకే రాగి గొట్టం పనికిరాదు, ప్లాస్టిక్ గొట్టమే వేయాలి. బాయిలర్ గట్టిగా పనిచేస్తుంటే గంటకు లీటరు నీరు రావడం మామూలే. గొట్టానికి మీటరుకు సుమారు 45 మి.మీ. వాలు ఉండాలి. ఇంటి లోపలే సింకు గొట్టంలోనో మరుగుదొడ్డి గొట్టంలోనో కలిస్తే అంతకు మించినది లేదు. తప్పనిసరై బయటకు తేవలసివస్తే కనీసం 32 మి.మీ. గొట్టం, దాని చుట్టూ తడికి పాడవని తొడుగు ఉండాలి, బయటి భాగం మూడు మీటర్లు దాటకూడదు. నా ఇంట్లో ఈ మూడూ తప్పాయి.

వాలు అసలు కుదరని చోట చిన్న పంపు పెడతామంటారు. పెట్టవచ్చు. అయితే దానికి కరెంటు కావాలి, అది చప్పుడు చేస్తుంది, అది ఆగిన రోజున బాయిలరూ ఆగుతుంది. వేరే గోడ ఏదైనా కుదిరితే పంపు జోలికి పోకపోవడమే మేలు.

వేడినీటి దూరం. బాయిలర్ మార్చే హడావిడిలో జనం మరిచిపోయేదీ, ఆ తరువాత రోజుకు పదిసార్లు గుర్తొచ్చేదీ ఇదే. కాంబి బాయిలర్, అంటే నిల్వ తొట్టె లేకుండా గదులనూ కుళాయి నీటినీ రెంటినీ తానే వేడిచేసేది, ఉంటే కుళాయి తిప్పిన తరువాతే నీరు వేడెక్కడం మొదలవుతుంది. ఆ వేడి కుళాయి దాకా రావడానికి ముందు గొట్టంలో నిలిచిన చల్లనీరంతా పోవాలి. 15 మి.మీ. రాగి గొట్టంలో మీటరుకు సుమారు 0.145 లీటరు పడుతుంది. పది మీటర్లకు లీటరున్నర. చేతులు కడుక్కునే కుళాయి నిమిషానికి 5 లీటర్లు ఇస్తుందనుకుంటే 17 సెకన్ల నిరీక్షణ, బాయిలర్ అంటుకోవడానికి పట్టే కొద్ది సెకన్లు దానికి అదనం. అదే గొట్టం 22 మి.మీ.ది అయితే పది మీటర్లలో మూడు లీటర్లకు పైగా ఉంటుంది, నిరీక్షణ 40 సెకన్లకు దగ్గరపడుతుంది. ఇప్పుడున్న చోటి నుంచి మీ ఇంట్లో ఎంత పడుతోందో ఒక కొలపాత్ర, ఫోనులోని స్టాప్‌వాచీ పట్టుకుని ప్రతి కుళాయి దగ్గరా చూసి రాసిపెట్టుకోండి. కొత్త చోటుకు అదే లెక్క కట్టండి.

వేడినీటిని నిల్వచేసే సిలిండర్ ఉన్న ఇంటికి ఈ బెడద వేరుగా ఉంటుంది. అక్కడ లెక్కలోకి వచ్చేది సిలిండర్‌కూ కుళాయికీ మధ్య దూరం. బాయిలర్ కాస్త దూరంగా ఉన్నా పరవాలేదు. రేడియేటర్లకు పోయే నీరు ఎలాగూ ఒకే చుట్టులో తిరుగుతుంది కాబట్టి, గొట్టాలకు మంచి తొడుగు వేస్తే నాలుగు మీటర్లు పెరిగినందువల్ల పెద్ద నష్టం లేదు. అంటే సిలిండర్ ఉన్నవారికి ఎంపికలు ఎక్కువ, కాంబి ఉన్నవారికి తక్కువ.

గ్యాస్ గొట్టం. 30 కిలోవాట్ల కాంబి పూర్తి శక్తితో మండితే గంటకు సుమారు 3 ఘనమీటర్ల సహజవాయువు తీసుకుంటుంది. దూరం పెరిగినా, మలుపులు పెరిగినా ఒత్తిడి పడిపోతుంది. గ్యాస్ మీటరు పక్కనే ఉన్నప్పుడు సరిపోయిన 15 మి.మీ. గొట్టం ఇంటి అవతలి మూలకు చాలదు. 22 లేదా 28 మి.మీ.ది గ్యాస్ మీటరు నుంచి కొత్తగా లాగాలి. నేల పలకలు లేపవలసి రావడం, ఖర్చు అంచనా దాటిపోవడం ఎక్కువగా ఈ పనితోనే జరుగుతాయి.

మనిషి చేరువ. ఏడాదికొకసారి సర్వీసు చేసే మనిషి ముందు కవరు తీసి, సాఫీగా నిలబడి పనిచేయగలగాలి. ముందు 60 సెం.మీ. ఖాళీ ఉంటే బాగుంటుంది. మీ మట్టుకు మీకు ప్రెషర్ గేజ్ కనిపించాలి, నీరు నింపే వాల్వ్ చేతికి అందాలి. ఇక చప్పుడు, చలి అన్న రెండు విషయాలు ఒక్కో చోటును బట్టి మారతాయి కాబట్టి కింద చెబుతాను.

## అసలు కదపకపోతే?

దీన్ని కూడా ఒక ఎంపికగా నిజాయితీగా పరిశీలించాలి. బాయిలర్ ఉన్న గోడ మీదే పక్కకు అరమీటరు జరపడం, లేదా దాని చుట్టూ తలుపున్న అర కట్టించడం మార్చడం కంటే ఎన్నో రెట్లు తేలిక. పొగ రంధ్రం, నీటి గొట్టం, గ్యాస్ గొట్టం దాదాపు ఉన్నచోటే ఉంటాయి. అర కట్టేటప్పుడు తయారీదారు చెప్పిన ఖాళీలు వదలాలి, ముందు తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. కొత్త వంటగది నమూనాలో అర లోతును ఓ పది సెంటీమీటర్లు పెంచితే సమస్య తీరిపోయే ఇళ్లు చాలా ఉంటాయి. గోడనే కూల్చేస్తున్నవారికి మాత్రం ఈ దారి లేదు.

## అటక

చోటు కావాలనుకునేవారందరి చూపూ మొదట పైకే పోతుంది. అందులో తర్కం ఉంది. పొగగొట్టం నిలువుగా కప్పులోంచి పోతుంది కాబట్టి కిటికీల గొడవ, పక్కింటి గొడవ ఉండవు. స్నానాల గదులు మేడ మీద ఉంటే వేడినీరు త్వరగా అందుతుంది. కింద వంటగది మాత్రం దూరమవుతుంది. వంటగదిలో గిన్నెలు కడిగేది ఎవరో వారిని అడిగాక ఈ నిర్ణయం తీసుకోవాలి.

దీని చిక్కులు కూడా తక్కువేమీ కావు. బాయిలర్ దాకా పలకలు పరిచిన దారి, కదలకుండా బిగించిన నిచ్చెన, శాశ్వతమైన దీపం, అంచు దగ్గర పట్టుకునే కమ్మీ లేకపోతే సర్వీసు మనిషి పైకి ఎక్కనని అంటే తప్పు అతనిది కాదు. గోడకు తగిలించే కాంబి బరువు సాధారణంగా 30 నుంచి 45 కిలోలు ఉంటుంది. అది ఇటుక గోడకు ఉంటే నిశ్శబ్దంగా ఉంటుంది. చెక్క చట్రానికి బిగిస్తే ఆ చట్రం తబలాలా మోగి, కింద పడకగదిలో తెల్లవారుజామున నిద్ర చెడుతుంది.

పాత పద్ధతిలో, అటకమీద చిన్న తొట్టెతో నీరు అందే వ్యవస్థ మీదైతే ఇంకో సంగతి గమనించాలి. ఆ తొట్టె బాయిలర్ కంటే ఎత్తులో ఉండాలి. బాయిలరే అటకెక్కితే దానిపైన తొట్టెకు చోటుండదు. కాబట్టి వ్యవస్థను మూసిన పద్ధతికి, అంటే ఒత్తిడితో నడిచేదానికి మార్చాలి. అటక మీద గేజ్ 1 బార్ (ఒత్తిడి కొలమానం) చూపిస్తుంటే ఐదు మీటర్ల కింద ఉన్న రేడియేటర్ దగ్గర ఒత్తిడి సుమారు ఒకటిన్నర బార్ ఉంటుంది. కొత్త గొట్టాలకు అదేమీ లెక్క కాదు. ఇరవై, ముప్పై ఏళ్ల నాటి కీళ్లు మాత్రం అప్పుడే కారడం మొదలుపెట్టవచ్చు. ముందుగా ఒత్తిడి పరీక్ష చేయించుకోండి.

ఒత్తిడి 3 బార్లకు చేరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ నుంచి మరుగుతున్న నీరు బయటకు పోవడానికి ఒక రాగి గొట్టం ఉంటుంది. అటక నుంచి అది మనుషుల మీద పడని చోటికి చేరాలి. ఇంటి నమూనా గీసేవాళ్లు దీన్ని తరచుగా మరిచిపోతారు.

అటకలో చలి కూడా చూసుకోవాలి. నేల మీద దళసరిగా ఇన్సులేషన్ పరిచిన అటక బయటంత చల్లగా ఉంటుంది. చాలా బాయిలర్లు లోపలి నీరు సుమారు 5 డిగ్రీలకు పడిపోగానే తమంతట తామే వెలుగుతాయి. ఆ రక్షణ కరెంటు, గ్యాస్ ఉన్నంతవరకే. పైగా అది బాయిలర్‌ను కాపాడుతుంది గానీ దాని బయటి గొట్టాలను కాదు.

## గ్యారేజీ

చప్పుడు ఇంట్లోకి రాదు. సర్వీసు మనిషి బూట్లతోనే వచ్చి పని చేసి వెళ్తాడు. నేల మీద నిలబడే పెద్ద బాయిలర్‌కైనా, సిలిండర్‌కైనా చోటు దొరుకుతుంది. ఇంటికి ఆనుకుని ఉండి, ఇన్సులేషన్ ఉన్న గ్యారేజీ అయితే ఇది గట్టి ఎంపికే.

ఇంటికి విడిగా ఉన్న గ్యారేజీకి మాత్రం నేను సుముఖంగా లేను. వేడినీరు చల్లటి నేలలోంచి ప్రయాణించాలి, గొట్టాలకు భూమిలో వేసే ప్రత్యేకమైన తొడుగు కావాలి, కండెన్సేట్ నీటికి దగ్గర్లో డ్రెయిన్ ఉండదు. కారు తగలకుండా బాయిలర్‌కు అడ్డుకమ్మీ పెట్టాలి. పెట్రోలు డబ్బాలు, రంగు డబ్బాలు దాని దగ్గర ఉంచకూడదు. ఇంకో ఐదేళ్లలో గ్యారేజీని గదిగా మార్చే ఆలోచన ఉంటే ఇదే తలనొప్పి మళ్లీ మొదటికి వస్తుంది.

## యుటిలిటీ గది, మెట్ల కింద, లోపలి అరలు

బట్టలుతికే యంత్రం ఉన్న చిన్న గది ఉంటే నా మొదటి ఓటు దానికే. అక్కడ డ్రెయిన్ ఉంటుంది, సాధారణంగా బయటి గోడ ఉంటుంది, గది వెచ్చగా ఉంటుంది, చప్పుడుకు తలుపు అడ్డు.

ఇంటి మధ్యలోని అరలు చూడడానికి బాగుంటాయి, పొగ దారి దగ్గర చిక్కు పెడతాయి. పొగగొట్టం పైకప్పు లోపల దాక్కుని మీటర్ల కొద్దీ పోవలసివస్తే, ప్రతి కీలు దగ్గరా తెరిచి చూసేందుకు మూతలు పెట్టించాలి. కీలు వదులై కారే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కళ్లతో చూడగలిగితేనే లోపం బయటపడుతుంది. మెట్ల కింద పెట్టేవారు ఇంకో విషయం చూడాలి. అగ్నిప్రమాదం జరిగితే ఇంట్లోవాళ్లు దిగేది ఆ మెట్ల మీదుగానే. స్థానిక నిబంధనలు ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లండి. ఏ అరలోనైనా బాయిలర్ పక్కన బట్టలు, దుప్పట్లు కుక్కవద్దు.

## స్నానాల గది, పడకగది, ఇంటి బయట

స్నానాల గదిలోనూ పడకగదిలోనూ గది గాలితో మండే పాత రకం బాయిలర్‌ను పెట్టకూడదు, ఇందులో మినహాయింపు ఆలోచించవద్దు. గాలిని బయటినుంచే తీసుకునే మూసిన రకమైతే పెట్టవచ్చు. స్నానాల గదిలో తొట్టికీ షవర్‌కూ ఎంత దూరంలో విద్యుత్ పరికరాలు ఉండాలో నిబంధనలు ఉంటాయి.

ఇంటి బయట, వాననీరు చొరని పెట్టెలో ఉండే బాయిలర్లు చమురు రకాల్లో ఎక్కువగా దొరుకుతాయి. చమురు ట్యాంకు ఎలాగూ బయటే ఉంటుంది కాబట్టి ఆ ఇళ్లకు ఇది సహజంగా కుదురుతుంది. బాయిలర్‌ను మారిస్తే చమురు గొట్టాన్నీ, మంటల వేడికి తానే మూసుకునే వాల్వ్‌నూ కూడా మార్చాలి.

## ఒక్క చూపులో

| చోటు | పొగ దారి | కండెన్సేట్ నీరు | వేడినీటి నిరీక్షణ | సర్వీసు | చలి ముప్పు |
|---|---|---|---|---|---|
| ఉన్న గోడ మీదే | సులువు | సులువు | మారదు | మారదు | మారదు |
| యుటిలిటీ గది | సులువు | సులువు | ఇంటి నమూనాను బట్టి | సులువు | తక్కువ |
| అటక | నిలువుగా, సులువు | పైనుంచి కిందికి దారి వెతకాలి | మేడ మీద తక్కువ, కింద ఎక్కువ | కష్టం | ఎక్కువ |
| ఆనుకున్న గ్యారేజీ | సులువు | డ్రెయిన్ ఉంటే సులువు | తరచుగా ఎక్కువ | చాలా సులువు | మధ్యస్థం |
| విడి గ్యారేజీ | సులువు | కష్టం | చాలా ఎక్కువ | సులువు | చాలా ఎక్కువ |
| లోపలి అర | కష్టం | మరుగుదొడ్డి గొట్టం దగ్గరుంటే సులువు | తరచుగా తక్కువ | చోటును బట్టి | తక్కువ |

## మీరు ఎలాంటివారైతే ఏది

పెద్ద కుటుంబం, మేడ మీద రెండు స్నానాల గదులు, ఇటుక గోడ ఉన్న ఎత్తైన అటక: వీరికి అటక నిజంగానే మంచిది. నిచ్చెనకూ పలకలకూ అయ్యే ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇంటికి, గేజ్‌లో ఒత్తిడి పడిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు నిచ్చెనెక్కవలసిన చోటు సరికాదు. అలాంటి ఇంట్లో వంటగది మూలన కనిపిస్తున్నా సరే, బాయిలర్‌ను కిందనే ఉంచండి.

చిన్న ఫ్లాటులో ఎంపికలు దాదాపు ఉండవు. బయటి గోడ ఒకటో రెండో, పైన వేరేవాళ్ల ఇల్లు. ఇక్కడ ముందుగా భవన యాజమాన్యం అనుమతి అడగాలి. పొగగొట్టం పెట్టే గోడ మీది కాకపోవచ్చు.

ఇల్లు అద్దెకిచ్చేవారు అద్దెకున్నవారి గది తలుపులు దాటకుండా సర్వీసుకు చేరగలిగే చోటు చూసుకుంటే ప్రతి ఏడాదీ సుఖం.

## పాతదాన్నే కొత్త చోటికి మార్చడమా, కొత్తది కొనడమా?

బాయిలర్ వయసు పదేళ్లు దాటితే దాన్ని ఊడదీసి మరోచోట బిగించమని నేను సలహా ఇవ్వను. కూలి అంతా గొట్టాలకూ పొగ దారికీ పోతుంది, అది పాతదానికైనా కొత్తదానికైనా ఒకటే. పాత మోడల్‌కు సరిపోయే పొగగొట్టం ముక్కలు దొరకకపోవచ్చు. వారంటీ మిగిలి ఉన్న మూడు, నాలుగేళ్ల బాయిలర్ అయితే దాన్నే కొత్త చోటికి మార్చుకోండి. మారిస్తే వారంటీ నిలుస్తుందో లేదో తయారీదారును ముందే అడగండి.

కొన్నేళ్లలో హీట్ పంపుకు, అంటే బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రానికి, వెళ్లాలన్న ఆలోచన ఉన్నవారికి నా సలహా వేరు. హీట్ పంపుకు బయట ఒక యూనిట్, లోపల సిలిండర్, తక్కువ వేడితో పనిచేసే పెద్ద రేడియేటర్లు కావాలి. ఇప్పుడు అటకకు మార్చడానికి పెట్టే డబ్బు అప్పుడు వృథా అవుతుంది. సిలిండర్‌కు పట్టే అరను ఇప్పుడే ఖాళీగా ఉంచి, బాయిలర్‌ను ఉన్నచోటే ఇంకొన్నాళ్లు వాడుకోవడం నయం.

## పని మొదలయ్యే ముందు

ఈ పని గ్యాస్ లైసెన్సు ఉన్నవారే చేయాలి, పూర్తయ్యాక ధ్రువపత్రం ఇవ్వాలి. టైల్స్, రంగులు వేయకముందే గొట్టాలు వేయించండి. ఎండాకాలంలో పెట్టుకుంటే ఒకటి రెండు రోజులు వేడి లేకపోయినా గడిచిపోతుంది. వ్యవస్థలోని నీరంతా ఎలాగూ తీస్తారు కాబట్టి, రేడియేటర్లలో పేరుకున్న నల్లటి తుప్పు బురదను కడిగించి, తుప్పు పట్టనివ్వని మందు కలిపించి, తిరిగివచ్చే గొట్టానికి అయస్కాంతపు ఫిల్టర్ పెట్టించండి. బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

అంచనా ఇవ్వడానికి వచ్చిన మనిషిని గోడ ముందు నిలబెట్టి, చేతికి సుద్దముక్క ఇచ్చి, పొగ ఎటు పోతుందో, కండెన్సేట్ నీరు ఎటు పోతుందో, గ్యాస్ ఎటు నుంచి వస్తుందో మూడు గీతలు గీయమనండి. నీటి గీత ఎక్కడైనా ఇల్లు దాటితే, బయట ఎన్ని మీటర్లు అని అడగండి. ‘పని మొదలుపెట్టాక చూద్దాం’ అన్న జవాబు వస్తే ఆ గోడకు రంధ్రం పెట్టనివ్వకండి.